షజరాకెక్కని వాళ్లు

మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకటి అమ్మ వైపుది. బిస్కట్ల రేకు డబ్బా. అందులో పదిహేడు ఫొటోలు, రెండు నిఖానామాలు, ఉర్దూలో రాసిన పాత భూమి రసీదులు కొన్ని, గుడ్డ మీద అతికించి చుట్టచుట్టిన షజరా ఒకటి. రెండోది నాన్న వైపుది. జర్దా డబ్బా. అందులో ఉన్నది ఒక్కటే ఫొటో. ముసలి పింఛను కోసం మా నాయనమ్మకు తీయించిన పాస్‌పోర్టు సైజుది. మూడు కాపీలు తీయిస్తే రెండు ఆఫీసులో పోయాయి, ఒకటి మాకు మిగిలింది. అందులో ఆమె కెమెరా వైపు చూడటం లేదు. ఫొటో తీసేవాడి చేతివైపు చూస్తోంది, ఎప్పుడు వదిలిపెడతాడా అన్నట్టు.

రెండు డబ్బాలూ ఒకే బీరువాలో ఉన్నా ఇన్నేళ్లలో ఒకదానికొకటి సలాం చెప్పుకున్నది లేదు. అమ్మ వాళ్లు సయ్యదులు. నాన్న వాళ్లు దూదేకులు. జోడేకీ రఖం ఇచ్చుకోలేని ఇంట్లో ఐదో ఆడపిల్ల అమ్మ. నాన్నకు సర్కారీ టీచరు ఉద్యోగం. అంతే సంగతి. కుఫూ కాదని నెత్తీనోరూ కొట్టుకున్న పెద్దలే పెళ్లి బిర్యానీ తిన్నారు. తిన్నాక కూడా కుఫూ కాదనే అన్నారు.

మా పెద్ద మామూ రిటైరయ్యాక ఆ షజరాను కంప్యూటర్‌లో కొట్టించి, చుట్టూ ఆకుపచ్చ అంచు పెట్టించి, లామినేషన్ చేయించి ఇంటింటికీ పంచాడు. మదీనాలో మొదలవుతుంది. బాగ్దాద్ మీదుగా బీజాపూర్ వస్తుంది. అక్కణ్ణుంచి నల్లగొండ జిల్లాలో ఒక మారుమూల ఊరి మసీదు దగ్గర దిగుతుంది. మొత్తం ఇరవై నాలుగు పేర్లు. ఇరవై నాలుగూ మగవాళ్లవే.

విలేకరి బుద్ధి ఊరుకోదు కదా. లెక్కేశాం. పద్నాలుగు వందల ఏళ్లను ఇరవై నాలుగుతో భాగిస్తే యాభై ఎనిమిది వస్తుంది. అంటే మా వంశంలో ప్రతి ఒక్కడూ సగటున యాభై ఎనిమిదో ఏట కొడుకును కని ఉండాలి. మాకు తెలిసిన మూడు తరాల్లో అరవై దాటి బతికినవాళ్లే ఇద్దరు. ఈ మాట మామూతో అంటే, "దిల్‌మే ఈమాన్ హోనా, హిసాబ్ నై" అన్నాడు. ఆడవాళ్ల పేర్లేవి అంటే, "ఔరతాఁకే నామాఁ షజరేమే నై ఆతే" అన్నాడు. మరి నాన్న వైపు వాళ్లకు కూడా ఒకటి రాయిద్దామా అంటే నవ్వాడు. "దూదేకులోళ్లకు షజరా ఎక్కడిది బాబా" అంటూ, ఎంతో ప్రేమగా, మా పళ్లెంలో ఇంకో బోటీ వేశాడు.

ఆ ప్రేమతోనే మా పేచీ. దానిమీదే ఈ వ్యాసం.

పుట్టుకను బట్టి ఎవడూ ఎక్కువ కాదని చెప్పిన దీన్ మాది. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఆధిక్యం లేదని ప్రవక్త ఆఖరి హజ్ ప్రసంగంలో చెప్పాడని జుమ్మా జుమ్మాకూ వింటాం. విని ఇంటికొచ్చి పిల్లనివ్వడానికి మాత్రం షజరా చుట్ట విప్పుతాం. హిందువుల్లో కులం ఉంది, మనలో లేదు అని సభల్లో చెప్పేవాళ్లను మేం చాలామందిని చూశాం. వాళ్లింట్లో దూదేకుల కోడలు ఉందా, మెహతర్ అల్లుడు ఉన్నాడా అని అడగండి. మంచినీళ్లు తెప్పించుకుంటారు.

షజరాలన్నీ అబద్ధాలని మా వాదన కాదు. వచ్చినవాళ్లు వచ్చారు. బీజాపూర్‌కు, గోల్కొండకు అరబ్బులూ ఇరానీలూ వచ్చిన మాట చరిత్రే. కానీ ఈ ఊర్లలో దూది ఏకినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, దర్వాజాల ముందు దఫ్ వాయించి అడుక్కున్న ఫకీర్లు, వీళ్లంతా ఓడ దిగి వచ్చినవాళ్లేనా? ఈ మట్టిలోంచి లేచినవాళ్లం కామా? మామూ మనవడొకడు చికాగోలో ఉంటాడు. ఒక చిన్న గొట్టంలో ఉమ్మేసి ల్యాబ్‌కు పంపాడు, తన రక్తం ఎక్కడిదో తెలుసుకుందామని. అరేబియా వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. వచ్చిన కాగితంలో దాదాపు అంతా దక్షిణ భారతమే. మిషన్ ఖరాబైందని తేల్చారు.

తమాషా ఇంకోటుంది. 2007లో వెనుకబడిన ముస్లిం తరగతులకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. బీసీ-ఇ. అందులో షేకులున్నారు, అత్తరు సాయెబులున్నారు, ఫకీర్లున్నారు, ఖురేషీలున్నారు. సయ్యదులూ మొగల్‌లూ పఠాన్‌లూ లేరు. మా దూదేకులం అంతకుముందు నుంచే బీసీ-బి. ఆ ఏడాది మామూ ఇంకో మనవడికి ఇంజనీరింగు సీటు అవసరం పడింది. అదే మామూ, అదే షజరా చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "నీకు ఆఫీసుల్లో తెలిసినవాళ్లుంటరు. మన పాత కాగితాల్లో యాడన్న షేక్ అని రాసుందేమో జర చూడు బేటా." రెండు రోజులు వెతికాం. నిజంగానే ఒక రసీదులో వాళ్ల ముత్తాత పేరు ముందు షేక్ అనే ఉంది. మామూకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ రసీదు జిరాక్స్ తీసుకెళ్లాడు కానీ, గోడమీద లామినేషన్ మాత్రం దించలేదు.

ఇక ఫొటోల సంగతి.

పాత హైదరాబాద్ ఫొటో అనగానే అందరికీ రాజా దీన్‌దయాళ్ గుర్తొస్తాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. పరదా పాటించే బేగమ్‌ల కోసం 1892లో జెనానా స్టూడియో కూడా పెట్టాడు. లోపల ఫొటో తీసేది ఒక ఇంగ్లీషు దొరసాని. అక్కడికి పల్లకీల్లో వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. మంచిదే. కానీ మా లౌకిక మిత్రుల దగ్గర ముస్లిం జ్ఞాపకం అంటే ఇప్పటికీ అదే: షేర్వానీ, రూమీ టోపీ, ముత్యాల హారం, వెనక పులి చర్మం. ఆ ఫొటోల ఎగ్జిబిషన్ పెడితే ఎగబడి చూస్తారు. గంగా జమునా తెహజీబ్ అని కళ్లు తుడుచుకుంటారు. మేం పనిచేసిన ఒక పత్రికలో ప్రతి రంజాన్‌కూ మాకు ఒకే పని పడేది. హలీం మీద ఒకటి, ఇరానీ చాయ్ మీద ఒకటి, ఏదైనా కూలిపోతున్న దేవిడీ మీద ఒకటి. దూది ఏకేవాళ్ల మీద రాస్తామంటే, "అందులో ముస్లిం యాంగిల్ ఏముంది?" అని అడిగారు. మిత్రులారా, మీరు ప్రేమించేది మమ్మల్ని కాదు, మా జమీందార్లను. ఆ జమీందార్లు మమ్మల్నీ గుమ్మం బయటే నిలబెట్టారు.

మావాళ్ల ఫొటోలు అప్పట్లో లేవా అంటే, ఉన్నాయి. తెల్లదొరలు తీశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. దూదేకుల అనే మాట కింద మా గురించి కూడా రాశాడు. మసీదుకు పోయేదీ రాశాడు, హిందువుల ఆచారాలు పాటించేదీ రాశాడు. ఆయన మనుషుల ముక్కులను కొలపరికరంతో కొలిచిన పెద్దమనిషి. అలాంటి పుస్తకాల్లో ఫొటోల కింద కులం ఉంటుంది, పేరుండదు. నవాబు ఫొటో కింద బిరుదులతో సహా మూడు వరుసల పేరు. మావాడి ఫొటో కింద ఒక్క మాట. కెమెరా ఒకటే, కాగితం ఒకటే.

తెలుగువాళ్లకు తెలిసిన దూదేకులవాడు ఒకే ఒక్కడు. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య. ఆయన పటానికెక్కాడు, 1984లో సినిమాకూ ఎక్కాడు, బాలకృష్ణ వేషం వేశాడు. గురువు పాదాల దగ్గర కూర్చున్న ముస్లిం అంటే సమాజానికి ముద్దు. సిద్దయ్య తల్లి ఎవరు, అక్కచెల్లెళ్లెవరు, వాళ్లెలా బతికారు? అది ఎవడికీ పట్టదు. ఈ దేశంలో పేరున్న కులాలకు వాళ్ల గోత్రాలు పాడి వినిపించే పిచ్చికుంట్లవాళ్లున్నారు. మా గడప ముందు నిలబడి మా వంశం పాడినవాడు లేడు.

మా పేర్లు చూడండి. నాగూరు, మస్తాన్, కాశిం, పీరమ్మ. దర్గా పేర్లు, పీర్ల పేర్లు. ఇవి మా ఒక్కళ్లవేనా? జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పుట్టిన సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి నల్లగొండ పల్లెల్లో ఎందరున్నారో లెక్కుందా? ఆ సైదిరెడ్డి తన మనవడికి ఇప్పుడు కొత్త సంస్కృతం పేరు పెడుతున్నాడు. మా బంధువు తన మనవడికి నెట్‌లో వెతికి అరబ్బీ పేరు పెడుతున్నాడు. రెండు వైపులా ఒకే పని జరుగుతోంది. పదేళ్లు పోతే ఆ ఇద్దరి తాతలూ ఒకే ఉర్సులో పక్కపక్కన కూర్చుని కందూరు తిన్నారని చెప్పడానికి పేరు సాక్ష్యం కూడా మిగలదు.

ఇంకో సాక్ష్యం ఉంది. దాన్ని మేం చేతుల్తో పట్టుకుని చూస్తుంటాం. ఉర్దూ చదవడం వచ్చని తెలిసి మా దగ్గరికి నెలకు ఇద్దరు ముగ్గురు వస్తారు, భూమి కాగితాల జిరాక్సులు పట్టుకుని. 1954-55 నాటి ఖాస్రా పహాణీలు. గొల్లవాళ్లు, గౌండ్లవాళ్లు, రెడ్లు, మాదిగవాళ్లు. "సార్, మా తాత పేరు ఇండ్ల ఉందా?" అని అడుగుతారు. రాత గొలుసుకట్టు. నుఖ్తా పడకపోతే నర్సయ్యెవరో పర్సయ్యెవరో తెలీదు. వేలు పెట్టి, పూడ్చి, విప్పి చదివి చెప్తాం. తాత పేరు దొరికినప్పుడు ఆ మొహంలో వచ్చే వెలుగుకు మతం లేదు. పరాయి భాషని మీరు బళ్లలోంచి గెంటేసిన లిపిలో మీ తాతలు పడుకుని ఉన్నారు. మమ్మల్ని ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగేవాళ్లు ముందు అక్కడికి రండి. చదివి పెడతాం. ఫీజు వద్దు.

మళ్లీ అమ్మ డబ్బా దగ్గరికి. పదిహేడులో ఒక ఫొటో ఉంది. 1947 ప్రాంతంలో ఏదో పెళ్లికి తీసింది. వెనక వరుసలో తొమ్మిది మంది మగవాళ్లు. ఆడవాళ్లు లేరు, అది అలవాటే. కానీ ఎడమనుంచి నాలుగో మనిషి కూడా లేడు. భుజాల పైన గుండ్రంగా కత్తిరించి ఉంది. భుజాల దగ్గర యూనిఫాం బొత్తాం ఒకటి మాత్రం కనబడుతుంది. ఎవరది? పెద్ద ఖాలాను అడిగాం, మా నానా పిన్ని కొడుకు, పోలీసు జవాను అంది. మామూను అడిగాం, దూరపు చుట్టం, రజాకారు అన్నాడు. చిన్న ఖాలా రైల్లో పనిచేసేవాడంది. పేరు కూడా ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఒక్కటి మాత్రం అందరూ ఒకేలా చెప్పారు. 1948 సెప్టెంబర్‌లో మిలిటరీ వస్తోందని తెలిసిన రాత్రి మా నానా తల్లి దీపం ముందు కూర్చుని కత్తెరతో ఆ మొహం కోసేసింది. మిగతా కాగితాలు పొయ్యిలో వేసింది. ఆ మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

ఎంతమంది రాలేదు? పండిట్ సుందర్‌లాల్ కమిటీ 1948 నవంబర్, డిసెంబర్‌లలో జిల్లాలు తిరిగి, పోలీసు చర్య రోజుల్లోనూ ఆ వెంటనేనూ చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది అని చెప్పింది. అన్నిటికంటే ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో. ఆ తర్వాతి వరుసలో మా నల్లగొండ ఉంది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. కత్తెర మా ముత్తవ్వ చేతిలోనే ఉందా? ఢిల్లీలో కూడా ఉంది.

ఇక్కడ మేం దాటేయదలచుకోని మాట ఒకటుంది. రజాకార్లు చేసింది తక్కువ కాదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఎవరూ సమర్థించలేరు. ఆ నెలలోనే ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ను నరికి చంపిందీ వాళ్లే. అతను ముస్లిం, ఉర్దూ జర్నలిస్టు, మా వృత్తివాడు. దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిమే. అయినా ప్రతి సెప్టెంబర్ 17కీ టీవీల్లో ముస్లిం అంటే రజాకారు ఒక్కడే. ఆ ఫొటోలో నాలుగో మనిషి రజాకారే అయితే, అవునని చెప్పుకుని సిగ్గుపడే హక్కు మాకు కావాలి. కాకపోతే, అతనికోసం ఏడ్చే హక్కు కావాలి. మొహం లేనివాడికి ఏం చేయగలం?

ఇప్పుడు రాజ్యం కూడా షజరా అడుగుతోంది. అస్సాంలో 2019 ఆగస్టు 31న ఎన్నార్సీ తుది జాబితా వచ్చింది. 19 లక్షల పైచిలుకు మంది బయట. 1951 పట్టికలోనో 1971 మార్చి 24 లోపలి కాగితాల్లోనో తాత పేరు చూపించాలి, ఆ తాతకూ తనకూ మధ్య వంశవృక్షం గీసి చూపించాలి. చిన్నప్పుడే పెళ్లయి ఊరు మారిన ఆడవాళ్ల దగ్గర పుట్టింటిని చూపించే కాగితమే లేదు, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన చీటీ తప్ప. ఆ చీటీ చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ డిసెంబర్‌లోనే పౌరసత్వ సవరణ చట్టం. జనాభా పట్టికలో తల్లిదండ్రులు ఎప్పుడు ఎక్కడ పుట్టారన్న ప్రశ్న. 2025లో బీహార్‌లో ఓటరు జాబితా సవరణ అని 2003 జాబితాలో నువ్వున్నావా, మీ అమ్మానాన్నలున్నారా అన్నారు.

2020 మొదటి నెలల్లో మా బస్తీలో ఏ ఇంటికి వెళ్లినా చాపమీద కాగితాలు. మామూ లామినేషన్ తీసి చూశాడు. మదీనా నుంచి వచ్చామని గర్వంగా గోడకు కొట్టుకున్న కాగితం ఒక్క రాత్రిలో భయంగా మారింది. దించి మంచం కింద పెట్టాడు. పదమూడేళ్ల కింద రిజర్వేషన్ కోసం కూడా దించనివాడు! పెద్దమనుషులారా, మీరు ఇన్నాళ్లూ బయట్నుంచి వచ్చామని చెప్పుకుంటే, మమ్మల్ని బయటికి పంపాలనేవాడూ అదే చెప్పాడు. ఇద్దరి షజరా ఒక్కటే. మధ్యలో నలిగింది జర్దా డబ్బా వాళ్లు. మా నాయనమ్మ పుట్టిన తేదీ ఆమెకే తెలీదు. "మూసీ వాగు పొంగిన మర్నాటి ఏడు" అనేది. ఆ వాగు ఎన్నిసార్లు పొంగిందో.

అయితే ఆ నాయనమ్మ దగ్గర షజరా లేదని మామూ అన్నది తప్పు. ఉంది. అది కాగితం మీద లేదు.

షబేబరాత్ రాత్రి ఆమె చపాతీలూ హల్వా చేసి, మట్టి మూకుడులో ఊదు వేసి, ఫకీరు సాయెబును పిలిచి ఫాతెహా ఇప్పించేది. సాయెబు దువా మొదలెట్టే ముందు పేర్లు చెప్పాలి. చాప చివర కూర్చుని, కొంగు నెత్తిన వేసుకుని, తెలుగులో చెప్పేది. మా అత్త, మా అత్తకు అత్త, ఆమె తోడికోడలు, పురిట్లో పోయిన పెద్దది, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరు, గత్తరలో ఒకే వారంలో పోయిన ముగ్గురు, కోటప్పకొండ తిరునాళ్లకు దూది బండితో పోయి తిరిగిరాని మరిది. ఒక్క పేరూ వరుస తప్పేది కాదు. చివర్లో, "అడిగే దిక్కు లేనోళ్లకు, పేరు మరిచిపోయినోళ్లకు" అనేది. అప్పుడు సాయెబు చేతులెత్తేవాడు.

నాన్న ఒక ఏడు కూర్చుని ఆ పేర్లు పొడుగు నోటుబుక్కులో రాశాడు. నలభై మూడు. అందులో ఇరవై ఆరు ఆడవాళ్లవి. ఒకటి ముస్లిం పేరు కాదు. ఒక ఎరుకల ఆమెది. తల్లి పోయిన పసిబిడ్డకు, అంటే మా తాతకు, తన పాలిచ్చి బతికించింది. ఆ పేరు ఇక్కడ రాయం, ఆమె మునిమనవళ్లు ఊళ్లోనే ఉన్నారు. షజరాల్లో ఆడవాళ్లకే చోటు లేదు, ఎరుకల ఆడదానికెక్కడిది? దూదేకుల ముసలమ్మ ఫాతెహాలో ఉంది.

ఇప్పుడు ఆ ఫాతెహా కూడా ఆగింది. మా బావ జమాత్‌లో తిరిగొచ్చి అది బిద్దత్ అన్నాడు. ఫొటోలుంటే ఫరిష్తాలు రారని గోడల మీదివి దించాడు. మేం ఆలింలం కాదు, ఫిఖా మీద ఆయనతో వాదించం. ఒక్కటే అడిగాం: ఫాతెహా వద్దు సరే, ఈ నలభై మూడు పేర్లూ ఏడాదికొకసారి ఎక్కడ పలకమంటావ్? ఆయన దగ్గర జవాబు లేదు. మిగతా నమాజుల్లో దువా చేసుకోవచ్చన్నాడు. పేరుపేరునా అంటే, అల్లాకు అందరూ తెలుసన్నాడు. అల్లాకు తెలుసు, మా పిల్లలకు తెలీదు.

అందుకని మేమే మొదలుపెట్టాం. ఇంకెవరో వచ్చి మా చరిత్ర రాస్తారని కూర్చుంటే జరిగే పని కాదు. ఖాలాలను, మేనత్తలను కూర్చోబెట్టి అడుగుతున్నాం. మగవాళ్లను అడిగితే పై తరాలకు పాకి అరేబియా ఎక్కేస్తున్నారు. ఆడవాళ్లు అడ్డంగా పాకుతున్నారు, ఎవరింటికి ఎవర్నిచ్చారు, ఎవరి బిడ్డను ఎవరు సాకారు అంటూ. మాకు కావలసింది అదే. ఖబ్రస్తాన్‌లో రాయి లేని గోరీలే ఎక్కువ. ఏ వేపచెట్టు కింద ఎవరో చెప్పగలిగినవాళ్లు మా మేనత్త ఒక్కతే మిగిలింది. పోయిన నెల ఆమెను ఆటోలో తీసుకెళ్లి, గోడ బయటినుంచే చేత్తో చూపిస్తుంటే, నోటుబుక్కులో పటం గీసుకున్నాం. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లుంటే ఈ పని రేపటికి పెట్టకండి. ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయండి. ఇంకుపెన్నుతో రాస్తే మొహం మీదికి దిగుతుంది.

నాన్న రాసిన నోటుబుక్కులో ఇప్పుడు రెండు డబ్బాలవాళ్లూ ఉన్నారు. అమ్మ వైపు నుంచి ఇప్పటికి పందొమ్మిది మంది ఆడవాళ్ల పేర్లు దొరికాయి. మామూకు చూపిస్తే చాలాసేపు చూశాడు. తన తల్లి తల్లి పేరు అప్పుడే మొదటిసారి చదివాడట. ఏమీ అనలేదు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, స్పెల్లింగు తప్పు రాశారని దిద్దాడు.

నాలుగో మనిషిని కూడా ఎక్కించాం. పేరున్న చోట ఇద్దరు చెప్పిన రెండు పేర్లూ రాశాం. పనిలో పోలీసు, రజాకారు, రైల్వే అని మూడూ రాసి, ఏదీ కొట్టేయలేదు.